తిరగలేని మోటారే కాలుతుంది

(ఒక శాఖా గ్రంథాలయంలో ఆదివారం సాయంత్రం చేసిన ప్రసంగానికి అక్షరరూపం)

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నవాళ్లు కొంచెం ముందుకు రండి. ఈ బల్ల మీద ఉన్నది దగ్గర్నుంచి చూస్తేనే నా మాట అర్థమవుతుంది. పేపరు పరిచి పెట్టిన ఈ సామానంతా ఒక మిక్సీదే. మా ఇంటిదే. పంతొమ్మిదేళ్లు పనిచేసి, పోయిన వరలక్ష్మీ వ్రతం నాడు కన్ను మూసింది. చంపింది నేనే.

ఆ రోజు గ్రైండర్ బెల్టు తెగింది. గారెలకు మినప్పప్పు మిక్సీలో వేద్దామన్నాను. మా ఆవిడ పూజ దగ్గర కూర్చుంటూ, "నీళ్లు పోయకండి, గారెలు నూనె పీల్చేస్తాయి" అంది. ఐటీఐలో ఇరవై ఆరేళ్లు పిల్లలకు మోటార్లు చెప్పినవాణ్ని, అంతకుముందు వైండింగ్ షాపులో తీగ చుట్టినవాణ్ని, నాకు తెలియంది ఏముంది? జార్ నిండా పప్పు వేశాను. కాస్త తిరిగేసరికి ముద్ద గట్టిపడింది, మిక్సీ గుర్రుమని మూలిగింది. ఒకటో నంబరు చాలట్లేదని మూడుకు తిప్పాను. మూలుగు ఇంకా పెరిగింది. జార్‌లో పిండి మాత్రం కదల్లేదు. కాసేపటికే వంటింటి నిండా కాలిన వార్నిష్ వాసన.

"ఎక్కువసేపు తిప్పితే మిక్సీ కాలిపోతుంది" అని మనం అంటుంటాం. అది తప్పు కాదు. కానీ నేను బాగుచేసిన మోటార్లలో ఎక్కువ భాగం అలా కాలినవి కావు. అవి తిరగబోయి తిరగలేక కాలాయి. ఆ తేడా ఎక్కడుందో చెప్పడానికే ఈ మిక్సీని సంచీలో వేసుకుని వచ్చాను.

ఇదిగో, దీన్ని ఆర్మేచర్ అంటారు. చూసి పక్కవాళ్లకు ఇవ్వండి. మధ్యలో ఇనుప రేకులు, వాటి సందుల్లో చుట్టిన రాగి తీగ. తీగ నల్లగా ఉంది చూడండి, అసలు రంగు తేనె రంగు. ముక్కు దగ్గర పెట్టుకోండి, ఇన్ని నెలలైనా వాసన పోలేదు. తీగ మీద వార్నిష్ పూత ఉంటుంది, ఒక చుట్టు కరెంటు పక్క చుట్టుకు పారకుండా. పూత కాలిందంటే చుట్లన్నీ ఒకదానికొకటి తగులుతాయి, ఇక మోటారు అయిపోయినట్టే. ఇవి ఫీల్డ్ కాయిళ్లు, ఆర్మేచర్‌కు అటొకటి ఇటొకటి కూర్చుంటాయి. ఇవీ రాగి తీగే.

తీగ ఎందుకు తిరుగుతుంది? 1820లో డెన్మార్క్‌లో ఎర్‌స్టెడ్ అనే ఆయన, తీగలో కరెంటు పారితే పక్కనున్న దిక్సూచి ముల్లు కదలడం గమనించాడు. అంటే కరెంటు పారే తీగ కూడా ఒక అయస్కాంతమే. మరుసటి ఏడాది లండన్‌లో మైకేల్ ఫారడే పాదరసం గిన్నెలో తీగ కొసను ముంచి, అయస్కాంతం చుట్టూ అది గుండ్రంగా తిరిగేలా చేసి చూపించాడు. పుస్తకాల బైండింగ్ పని నేర్చుకుని సైన్సులోకి వచ్చిన మనిషి ఆయన. మన వంటింట్లో తిరిగేవాటన్నిటికీ మూలం ఆ పాదరసం గిన్నె. అయస్కాంతం ఉన్నచోట కరెంటు పారే తీగను పెడితే, తీగ మీద ఒక తోపు పడుతుంది. అంతే.

తోపు ఉంటే సరిపోదు, గుండ్రంగా తిరగాలి. సగం చుట్టు తిరిగాక తీగ అవతలి పక్కకు చేరుతుంది, అప్పుడు కరెంటు దిశ మార్చకపోతే తోపు వెనక్కి పడుతుంది. దిశ మార్చే పని ఆర్మేచర్ కొసన ఉన్న ఈ రాగి పలకలది. దీన్ని కమ్యుటేటర్ అంటారు. పలకల మధ్య సన్నటి గీతలు కనిపిస్తున్నాయా? అక్కడ కరెంటును దాటనివ్వని అభ్రకం ఉంటుంది. మన గూడూరు వైపు గనుల్లోంచి అభ్రకం విదేశాలకు పోయిందంటే ఇలాంటి పనులకే. ఈ పలకల మీద రెండు వైపులా కార్బన్లు ఆనుకుని ఉంటాయి, వెనక నుంచి స్ప్రింగ్ నొక్కుతూ. ఇదిగో కార్బన్. కొత్తగా ఉన్నప్పుడు చిటికెన వేలు సగం పొడవుంటుంది, ఇది శనగ గింజంత అయింది. కరెంటు కార్బన్ లోంచి పలకకు, పలక లోంచి తీగకు పోతుంది. తిరుగుతున్నకొద్దీ కార్బన్ ఒక పలకను వదిలి ఇంకో పలకను పట్టుకుంటుంది. వదిలినప్పుడల్లా చిన్న మిణుగురు. చీకట్లో మిక్సీ అడుగు చిల్లుల్లోంచి నీలంగా మెరిసేది అదే. దూరదర్శన్ రోజులు గుర్తున్నవాళ్లకు తెలుసు, ఆదివారం సినిమా వస్తుంటే పక్కింట్లో మిక్సీ వేసిందంటే తెర మీద గీతలే గీతలు. ఆ మిణుగురులే గాల్లో రేడియో అలలుగా వచ్చి మన యాంటెన్నాలో పడేవి.

ఇక్కడొక సందేహం రావాలి. మన ఇంటికి వచ్చే కరెంటు ఏసీ, సెకనుకు 50 సార్లు అటూ ఇటూ ఊగుతుంది. మరి మోటారు కూడా ఒకసారి ఇటు, ఒకసారి అటు తిరగాలి కదా? తిరగదు. ఎందుకంటే ఫీల్డ్ కాయిల్, ఆర్మేచర్ ఒకే వరసలో కలిపి ఉంటాయి. కరెంటు దిశ మారినప్పుడు రెండింటి అయస్కాంతాలూ ఒక్కసారే తలకిందులవుతాయి. మైనస్‌ను మైనస్‌తో గుణిస్తే ప్లస్ అని చదువుకున్నాం కదా, ఆ లెక్క. అందుకే దీన్ని యూనివర్సల్ మోటారు అంటారు, ఏసీ ఇచ్చినా, ఒకే దిశలో పారే డీసీ ఇచ్చినా తిరుగుతుంది.

దీని గొప్పంతా వేగంలో ఉంది. మిక్సీ మోటారు బరువు లేనప్పుడు నిమిషానికి 18,000 చుట్ల ప్రాంతంలో తిరుగుతుంది. సెకనుకు 300. చట్నీ జార్‌లో బ్లేడు ఈ కొస నుంచి ఆ కొసకు 6 సెంటీమీటర్లు అనుకోండి. ఆ లెక్కన బ్లేడు కొస గంటకు 200 కిలోమీటర్ల వేగంతో పోతున్నట్టు. జార్‌లో పచ్చడి పడ్డాక ఈ వేగం తగ్గుతుంది. బరువు తగ్గితే పెరుగుతుంది. ఇది మీకు చెవులతో తెలుసు. కొబ్బరి పచ్చడి వేసినప్పుడు మొదట బొంగురుగా ఉంటుంది, నలిగేకొద్దీ గొంతు సన్నబడుతూ పైకి పోతుంది. మూత తీయకుండానే "అయిపోయింది" అంటారు మీరు. ఆ గొంతే మోటారు వేగం.

ఇలాంటి మోటార్లు విదేశాల్లో ఎప్పట్నుంచో ఉన్నాయి. కాకపోతే అక్కడివాళ్లు అందులో పాలు, పళ్లు గిలక్కొట్టేవాళ్లు. మనం ఎండుమిరపకాయలు, ధనియాలు, పచ్చికొబ్బరి, నానిన పప్పు వేస్తాం. ముంబైలో సీమెన్స్ ఇంజనీరు సత్యప్రకాశ్ మాథుర్ ఇంట్లో జర్మనీ మిక్సీ చెడిపోతే, మన వంటకు తట్టుకునే మోటారు మనమే చేసుకోవాలని ఆయనకు తోచింది. 1960ల్లో వచ్చిన సుమీత్ మిక్సీ అలా పుట్టింది. మా అమ్మ తరంవాళ్లు ఇప్పటికీ ఆ పేరు తలుచుకుంటారు.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. ఈ ఒక్క ముక్క పట్టుకుంటే మిగిలినదంతా మీరే ఊహించుకోగలరు.

తీగను అయస్కాంతం దగ్గర తిప్పితే ఏమవుతుంది? కరెంటు పుడుతుంది. పాత సైకిల్ డైనమో అదే. మరి మోటారులో తీగ ఎక్కడ తిరుగుతోంది? అయస్కాంతం మధ్యలోనే. అంటే మిక్సీ తిరుగుతున్నంతసేపూ లోపల ఒక డైనమో కూడా నడుస్తున్నట్టే. 1873లో వియన్నా ప్రదర్శనలో జనం దీన్ని కళ్లారా చూశారు. గ్రామ్ అనే ఆయన చేసిన డైనమోను ఒకదాన్ని తిప్పి ఆ కరెంటును దూరంగా ఉన్న రెండో డైనమోకు ఇస్తే, రెండోది మోటారై తిరిగింది. యంత్రం ఒకటే, పని రెండు రకాలు.

మిక్సీలో పుట్టే ఈ లోపలి కరెంటు, గోడ నుంచి వచ్చే కరెంటుకు ఎదురు తోస్తుంది. అందుకే 230 వోల్టులు పెట్టినా తీగలో కొద్ది కరెంటే పారుతుంది. తీగకు సొంతంగా ఉన్న నిరోధం చాలా తక్కువ. దాన్ని కాపాడుతున్నది తిరగడమే. ఎంత వేగంగా తిరిగితే అంత ఎదురు తోపు, అంత తక్కువ కరెంటు.

ఇప్పుడు బ్లేడుకు పిండి ముద్ద అడ్డం పడింది. మోటారు ఆగింది. ఆగగానే ఎదురు తోపు పోయింది. వరద గేటు ఎత్తినట్టు కరెంటు లోపలికి వచ్చేస్తుంది. కరెంటు రెట్టింపయితే వేడి నాలుగింతలు, మూడింతలయితే తొమ్మిదింతలు. ఇది చాలదన్నట్టు, మోటారును చల్లబరిచే ఫ్యాను కూడా ఆ ఇరుసుకే ఉంది. ఇదిగో, అడుగున ఉన్న ఈ ప్లాస్టిక్ రెక్కలు. ఇరుసు ఆగితే ఇదీ ఆగుతుంది. వేడి విపరీతంగా పుట్టే ఆ క్షణంలోనే గాలి కూడా ఉండదు. నేను మూడో నంబరు పెట్టి చేసిన ఘనకార్యం ఇదే. చాలా మిక్సీల్లో మూడో నంబరంటే ఫీల్డ్‌లో తక్కువ చుట్ల గుండా కరెంటును పంపడం. తిరుగుతుంటే వేగం పెరుగుతుంది, ఆగి ఉంటే కరెంటు మాత్రమే పెరుగుతుంది.

"మరి కింద ఎర్ర బటన్ ఉంటుంది కదండీ, అది ఎందుకు ఆపలేదు?" అని ఆ అమ్మాయి అడుగుతోంది. మంచి ప్రశ్న, దీని నుంచి తప్పించుకుందామనే చూశాను. అడుగున ఉండే ఆ బటన్ ఓవర్‌లోడ్ స్విచ్. కరెంటు ఎక్కువైతే లోపలి లోహపు బద్ద వేడెక్కి వంగి లైను తెంపేస్తుంది, బటన్ బయటికి వస్తుంది. చల్లారాక నొక్కితే మళ్లీ పనిచేస్తుంది. మా మిక్సీలో అది ఏడాది కిందట పాడైంది. కొత్తది కొనుక్కొస్తానని చెప్పి, అప్పటిదాకా అని రెండు వైర్లు కలిపి డైరెక్ట్ చేశాను. ఆ "అప్పటిదాకా" ఏడాది అయింది. ఆ స్విచ్ ఖరీదు టిఫిన్ ఖర్చంత. ఎవరైనా మెకానిక్ "డైరెక్ట్ చేసేశానండి" అని నవ్వుతూ ఇస్తే, మా మిక్సీ గుర్తు తెచ్చుకోండి.

కాబట్టి ముద్ద కదలట్లేదంటే వేగం పెంచొద్దు. ఆపండి, గరిటెతో కలపండి, రెండు చెంచాల నీళ్లు పోయండి, సగం తీసేయండి. మొదట పల్స్‌లో కొట్టి ముక్కలయ్యాక నంబరు పెట్టండి. పొడులకు కూడా జార్‌లో మూడో వంతు మించనివ్వొద్దు. మిక్సీ మీద 30 నిమిషాలు అని రాసి ఉంటే అరగంట ఏకబిగిన తిప్పమని కాదు, మధ్యమధ్యలో విశ్రాంతి ఇస్తూ అని. ఆ మధ్యమధ్య ఎంతన్నది పుస్తకంలో ఉంటుంది, ఆ పుస్తకం మనం కొన్న రోజే పారేస్తాం.

ఇక గ్రైండర్. దానికీ దీనికీ పోలిక లేదు. గ్రైండర్ మోటారులో కార్బన్లు లేవు, కమ్యుటేటర్ లేదు, తిరిగే భాగానికి బయట నుంచి ఒక్క తీగ కూడా పోదు. దీన్ని ఇండక్షన్ మోటారు అంటారు, నికోలా టెస్లా 1888లో పేటెంట్ పొందిన రకం. చుట్టూ ఉన్న కాయిళ్లలో అయస్కాంత క్షేత్రం గుండ్రంగా తిరుగుతుంది, మధ్యలోని రోటర్ దాని వెంట పరుగెత్తుతుంది, ఎప్పుడూ కాస్త వెనకపడుతూ. సెకనుకు 50 సార్లు ఊగే మన కరెంటుకు, నాలుగు ధ్రువాలున్న మోటారులో క్షేత్రం నిమిషానికి 1500 చుట్లు తిరిగితే, రోటర్ 1440 దగ్గర ఉంటుంది. బెల్టు వేసి ఆ వేగాన్ని ఇంకా తగ్గించి రాయిని తిప్పుతారు. వేగం తగ్గినకొద్దీ బలం పెరుగుతుంది, సైకిల్ గేరు లాగా. అందుకే 150 వాట్ల గ్రైండర్ తేలిగ్గా రుబ్బే పిండి దగ్గర, అంతకు ఎన్నో రెట్ల వాట్లున్న మిక్సీ నా చేతిలో ఓడిపోయింది. కరెంటు ఖర్చు చూస్తే, 150 వాట్లు అరగంట తిప్పినా, 750 వాట్లు ఐదు నిమిషాలు తిప్పినా ఇంచుమించు ఒకటే. యూనిట్‌లో పదిహేనో వంతు అటూ ఇటూ. పైగా గ్రైండర్ పిండి వేడెక్కదు. ఇడ్లీ బాగా వచ్చేది అందుకే, అమ్మలు ఊరికే అనరు. కోయంబత్తూరు గ్రైండర్‌కు భౌగోళిక గుర్తింపు కూడా ఉంది, మన పోచంపల్లి ఇక్కత్‌కు ఉన్నట్టే.

ఈ మోటారుకు ఒక బలహీనత ఉంది. ఇంటి కరెంటు సింగిల్ ఫేజ్. దాంతో క్షేత్రం గుండ్రంగా తిరగదు, ముందుకూ వెనక్కూ కొట్టుకుంటుంది. కాలితో తొక్కే కుట్టుమిషన్ తెలుసు కదా. తొక్కుడు పీట పైకీ కిందికీ ఆడుతుంది, చక్రం గుండ్రంగా తిరగాలి. మొదట చేత్తో చక్రాన్ని కొంచెం తోస్తాం. పొరపాటున అటు తోశామా, వెనక్కి తిరిగి దారం తెగుతుంది. సింగిల్ ఫేజ్ మోటారూ అంతే, మొదటి తోపు ఎవరో ఇవ్వాలి. ఆ తోపు ఇచ్చేది కండెన్సర్. రెండో కాయిల్‌కు కరెంటును కాస్త ముందు వెనకగా అందించి, ఎటు తిరగాలో చెబుతుంది. కండెన్సర్ పోతే గ్రైండర్ ఊఁ అంటుంది, కదలదు. సీలింగ్ ఫ్యానుకూ ఇదే జబ్బు. కర్రతో రెక్కను తోస్తే ఎటు తోస్తే అటు తిరుగుతుంది! మోటారు పోయిందని ఫ్యాన్లు పాత సామాన్లవాడికి ఇచ్చేసినవాళ్లు నాకు తెలుసు, పోయింది కండెన్సర్ మాత్రమే.

ఇంట్లో మైక్రోవేవ్ ఉన్నవాళ్లు ఒకటి గమనించండి. లోపలి గాజు పళ్లెం చాలావాటిలో ఒకసారి కుడివైపు తిరుగుతుంది, ఇంకోసారి ఎడమవైపు. అదేదో ప్రోగ్రాం అనుకుంటారు. కాదు, ఆ చిన్న మోటారుకు దిశ చెప్పేవాళ్లు లేరు, ఎటు వీలైతే అటు మొదలుపెడుతుంది. అన్నం వేడెక్కడానికి ఎటైనా ఒకటే కాబట్టి కంపెనీవాళ్లూ పట్టించుకోలేదు.

లో వోల్టేజీ సంగతి పల్లెల నుంచి వచ్చినవాళ్లకు నేను చెప్పక్కర్లేదు. మిక్సీ లో వోల్టేజీలో నెమ్మదిగా తిరుగుతుంది, అంతవరకే. గ్రైండర్, ఫ్రిజ్ అలా కాదు. ఇండక్షన్ మోటారు బలం వోల్టేజీ వర్గాన్ని బట్టి ఉంటుంది. 230 ఉండాల్సినచోట 180 ఉంటే, బలం నూటికి 61 దగ్గరికి పడిపోతుంది. బయల్దేరలేదు. నిలబడే మూలుగుతుంది, నిలబడే కాలుతుంది. బోరు మోటార్లు ఎండాకాలంలో ఎందుకు వరసగా వైండింగ్ షాపుకు వచ్చేవో ఇప్పుడు మీకే తెలిసింది.

ఫ్రిజ్ గురించి ఒక్క ముక్క. కరెంటు పోయి వెంటనే వచ్చినప్పుడు "టక్... ఊఁ... టక్" అని వినపడుతుంటే, కంప్రెసర్ బయల్దేరలేకపోతోందని అర్థం. గ్యాసు ఒత్తిడి ఒకవైపు ఇంకా ఎక్కువగానే ఉంటుంది, దానికి ఎదురు తిరిగే బలం ఉండదు. ప్లగ్గు తీసి నాలుగైదు నిమిషాలు ఆగితే ఒత్తిడి సర్దుకుంటుంది. ఆలస్యంగా ఆన్ అయ్యే స్టెబిలైజర్లు చేసేది ఈ పనే.

"ఇప్పుడు బీఎల్‌డీసీ అంటున్నారు, అది కొనొచ్చా మాస్టారూ?" కొనొచ్చండి. బీఎల్‌డీసీ అంటే బ్రష్‌లెస్ డీసీ మోటారు, బ్రష్‌లంటే ఈ కార్బన్లే. అందులో కమ్యుటేటర్ చేసే పనిని ఎలక్ట్రానిక్ బోర్డు చేస్తుంది. మధ్యలో గట్టి అయస్కాంతాలు తిరుగుతాయి, కార్బన్లు లేవు, మిణుగురులు లేవు. ముద్ద ఇరుక్కుంటే బోర్డు కనిపెట్టి ఆపేస్తుంది, నాలాంటివాళ్లు మూడో నంబరు పెట్టినా సరే. కరెంటు కూడా ఆదా. కాకపోతే బోర్డు పోతే మా వైండింగ్ షాపుల్లో చేసేదేమీ లేదు. వారంటీ కాగితం జాగ్రత్తగా దాచుకోండి.

"వాట్లు ఎక్కువుంటే బాగా రుబ్బుతుందా?" వాట్లు అది తినే తిండి అమ్మా, చేసే పని కాదు. తిన్నదాంట్లో బోలెడంత వేడిగానే పోతుంది. బ్లేడు మొండిదైతే వెయ్యి వాట్లున్నా ధనియాలు పలుకులుగానే ఉంటాయి.

వెనక వరసలో అన్నగారు సంచీలో మిక్సీ తెచ్చినట్టున్నారు. ఇటివ్వండి. ఏం చేస్తోంది? స్విచ్ వేస్తే మూలిగి ఆగిపోతోందా? బటన్ బయటికి వచ్చిందా? మంచిది, అది దాని పని చేసింది. ప్లగ్గు పెట్టలేదుగా... సరే. ముందు జార్ లేకుండా, జార్‌ను తిప్పే ఈ కప్లర్‌ను వేలితో తిప్పుతున్నాను. చూడండి, హాయిగా తిరుగుతోంది. వాసన కూడా లేదు. ఇప్పుడు జార్ తిరగేసి అడుగున తిప్పుతాను... ఊహూఁ. బిగుసుకుపోయింది. బ్లేడు కింద బుష్‌లోకి పచ్చడి నీళ్లు దిగి తుప్పు పట్టేసింది. మీ మోటారుకు ఏ జబ్బూ లేదండీ. జార్ ఒక్కటే షాపుకు పట్టుకెళ్లండి, బుష్ మారిస్తే చాలు.